గర్భిణీ పరీక్షల పూర్వకథ

ఈ సాయంకాలము నేను గర్భిణీ స్త్రీలకు జరుగుచున్న పరీక్షలను గూర్చియు, అందు ముఖ్యముగా స్కానింగు అని వాడుకలోనున్న పరీక్షను గూర్చియు ముచ్చటింపదలచితిని. నేను వైద్యుడను గాను. చరిత్ర చదువుకొని, దానిని పిల్లలకు చెప్పుకొని కాలము గడపినవాడను. కావున ఏ మందు ఏ వేళ పుచ్చుకొనవలయునో నేను చెప్పబోను. ఈ పరీక్షలు ఎట్లు పుట్టెనో, ఎవరు ఏ ప్రశ్నకు జవాబు వెదకుచు వీనిని కనుగొనిరో, ఆ ప్రశ్న మన దేశమునకు వచ్చుసరికి ఎట్లు మారిపోయెనో, అంతవరకే నా ప్రసంగము. వినుచున్నవారిలో ఇంటికి పెద్దలైనవారు పెక్కుమంది యుందురు. కోడలిని ఆసుపత్రికి పంపుటయో మానుటయో నిర్ణయించువారు సాధారణముగా మీరే కనుక ఈ కథ మీకు తెలిసియుండుట అవసరమని నా తలంపు.

ఆ మధ్య మా మేనత్తగారు నన్నొక ప్రశ్న యడిగిరి. "ఏమిరా నాయనా, మా కాలమున ఈ స్కానింగు లెక్కడివి? ఈ నెలనెలా రక్తము తీయుట లెక్కడివి? మేము కనలేదా, పెంచలేదా?" అని. ఈ ప్రశ్న ప్రతి గ్రామమునందును వినబడుచున్నదే. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కాని దీనికి సమాధానము చెప్పవలసినవారిలో సగముమంది మన యెదుట లేరు. ఆ కాలమున కని బ్రదికిన తల్లులు నేడు మాటలాడుచున్నారు. పురిటిలో పోయిన తల్లుల మాట మనకు వినబడదు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను ఏర్పడిన ఆరోగ్య పరిశీలన సంఘము 1946లో తన నివేదికలో ఒక లెక్క నిచ్చెను. ఆనాటి హిందూదేశమున 1,000 కాన్పులకు సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరి; ఏటేట పోవుచున్న తల్లులు సుమారు 2 లక్షలు. అనగా 50 పురుళ్ళు జరిగిన యూరిలో ఒక తల్లి నేలపాలగుచుండె నన్నమాట. 2018-20 సంవత్సరముల ప్రభుత్వ లెక్కలను చూడుడు: దేశమంతట లక్ష కాన్పులకు 97 మంది, ఆంధ్రప్రదేశమున 45 మంది, తెలంగాణమున 43 మంది. ఇదంతయు మా మేనత్తగారితో చెప్పగా, ఆమె కొంతసేపు మాటలాడక, తన పెద్దక్క రెండవ కాన్పులో ఈడ్పులు వచ్చి పోయిన సంగతి తానే యెత్తిరి. అంతకుముందు ఆ సంగతి మా యింట నెవరును నాతో చెప్పియుండలేదు.

ఈ మార్పు ఒక్క పరీక్షవలన వచ్చినది కాదు. ఆసుపత్రి కాన్పులు, రక్తము ఎక్కించుట, చీము పట్టకుండ కాపాడు మందులు, చదువుకొన్న నర్సులు, రాత్రివేళ కదలివచ్చు వాహనములు, ఇవన్నియు కలసి తెచ్చిన మార్పు. అయినను వీనికన్నిటికిని ముందొక ఆలోచన పుట్టవలసియుండెను. నొప్పులు వచ్చిన పిమ్మట కాక, నొప్పులు రాకమునుపే, ఆరోగ్యముగా కనబడుచున్న గర్భిణిని సైతము పిలిచి చూడవలయునన్న ఆలోచన యది. వినుటకు మిక్కిలి చిన్నదిగా తోచు ఈ యాలోచన ఆసుపత్రులలో నిలదొక్కుకొని నూరేండ్లకు కొంచెము పైబడిన దంతే.

మన పూర్వులు గర్భిణిని నిర్లక్ష్యము చేసిరని కాదు. చరకసంహితలోను, సుశ్రుతసంహితలోను శారీరస్థానమునందు గర్భము నెలనెలకు పెరుగు విధమును, గర్భిణికి నెలనెలకు పెట్టవలసిన ఆహారమును చెప్పియున్నారు. చేయి తిరిగిన మంత్రసాని కడుపుపై చేయి వైచి, బిడ్డ తల యెటున్నదో, అడ్డము తిరిగినదో, ఎదురుకాళ్ళతో వచ్చునో చెప్పగలిగియుండెను. ఆ విద్యను నేను తక్కువచేసి మాటలాడను. కాని చేతికి అందనివి కొన్ని గలవు. రక్తము పలుచనగుట చేతికి తెలియదు. రక్తపోటు పెరుగుట తెలియదు. మాయ గర్భద్వారమునకు అడ్డుగా నున్న సంగతి రక్తస్రావము మొదలగువరకు తెలియదు. పైగా మంత్రసానికి పిలుపు వచ్చునది నొప్పులు మొదలయిన పిమ్మటనే.

ఐరోపాఖండమునందును స్థితి యిట్లే యుండెను. విలియం హంటర్ అను ప్రఖ్యాత వైద్యుడు 1774లో గర్భాశయమును గూర్చి ఒక గొప్ప చిత్రగ్రంథమును ప్రకటించెను. అందు 34 పటములు గలవు. కడుపులో బిడ్డ యెట్లు ముడుచుకొని యుండునో అంత స్పష్టముగా అంతకుముందెవ్వరును చూపలేదు. అయితే ఆ పటములు చాలవరకు గర్భిణులుగా మరణించిన స్త్రీల దేహములను కోసి చూచి వ్రాయించినవి. అనగా ఆనాడు బిడ్డను చూడవలెనన్న తల్లి చనిపోవలసియుండెను. హంటర్ తన సంగ్రహములను గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చి పోయెను. ఈ గ్లాస్గో పట్టణపు పేరును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మరల దానికడకే వత్తము.

కంటికి అందనిది ముందుగా చెవికి అందినది. 1816లో లెనెక్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి గుండెచప్పుడు వినుటకు గొట్టమును కనిపెట్టెను. నేడు డాక్టరుల మెడలలో వ్రేలాడు స్టెతస్కోపునకు అదియే మూలము. 1821లో కెర్గరాడెక్ అను మరియొక ఫ్రెంచి వైద్యుడు, ఉమ్మనీటిలో బిడ్డ కదలు సవ్వడి వినబడునేమో యని ఆ గొట్టమును గర్భిణి కడుపుపై ఉంచెను. ఆయన కోరిన చప్పుడు వినబడలేదు. గడియారపు టిక్కుటిక్కు వంటి మరియొక చప్పుడు వినబడెను. అది తల్లి నాడితో కలియక, దానికంటె మిక్కిలి వేగముగా కొట్టుకొనుచుండెను. అది బిడ్డ గుండె. అంతకు మూడేండ్ల ముందే జెనీవా పట్టణపు మేయర్ అను వైద్యుడును దానిని వినియుండెను. 1895లో పినార్ అను పారిసు వైద్యుడు ఈ పని కొరకే కొయ్యతో బాకావంటి చిన్న గొట్టమును చేయించెను. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో నర్సమ్మలు చెవికి ఆనించి వినుచు వచ్చిన గొట్టము ఆ వంశములోనిదే.

తరువాతివి రెండు సామాన్యమైన పరీక్షలు. వీనిని జనులు అంతగా పట్టించుకొనరు. కాని తల్లులను కాపాడుటలో వీనికి మొదటి పీట వేయవలయును. 1843లో లండను నగరమునందలి గైస్ ఆసుపత్రిలో జాన్ లీవర్ అను వైద్యుడు, కాన్పు సమయమున ఈడ్పులు వచ్చిన స్త్రీల మూత్రమును కాచి చూచెను. గ్రుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకట్టినట్లు ఆ మూత్రము తెల్లగా విరిగెను. ఆరోగ్యవతుల మూత్రము సాధారణముగా అట్లు విరుగలేదు. 1896లో ఇటలీ దేశస్థుడైన రివా-రొచ్చి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలుచు సాధనమును ప్రచారములోనికి తెచ్చెను. ఈ రెండు పరీక్షలును కలసినప్పుడు వైద్యులకు గొప్ప సత్యము తెలిసెను. ఈడ్పులు పిడుగువలె హఠాత్తుగా పడునవి కావు. పెక్కుమారులు కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారములు ముందుగనే రక్తపోటు పెరుగును. మూత్రములో సొన పడును. ముఖము, చేతులు ఉబ్బును. ఆ గుర్తులను ముందుగా చూచిన తల్లిని కాపాడవచ్చును. 2002లో 33 దేశములలో సుమారు 10,000 మంది గర్భిణులపై జరిగిన ఒక పరిశోధన, మెగ్నీషియము సల్ఫేటు అను చవుకైన మందు ఈడ్పుల ప్రమాదమును సగమునకు మించి తగ్గించునని నిరూపించెను. కాని గుర్తు కనిపెట్టనిదే మందు ఎవరికి ఇత్తురు?

ఈ యాలోచనకు ఆసుపత్రిలో చోటు సంపాదించినవాడు ఎడింబరో నగరమునందలి బాలంటైన్ అను వైద్యుడు. కాన్పులకు ఆసుపత్రి యున్నట్లే, కాన్పునకు ముందు చికిత్స కొరకును ఆసుపత్రి యుండవలయునని 1901లో ఆయన ఒక వ్యాసము వ్రాసెను. దాని ఫలితముగా ఎడింబరో ప్రసూతి ఆసుపత్రిలో గర్భిణుల కొరకు ప్రత్యేకముగా ఒక్క మంచము ఏర్పడెను. ఒక్కటే మంచము! అదే సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమున నర్సులు గర్భిణుల యిండ్లకు వెళ్ళి చూచుట ప్రారంభించిరి. 1915లో ఎడింబరోలో గర్భిణుల పరీక్షాలయము తెరువబడెను. 1929లో బ్రిటిషు ఆరోగ్యశాఖవారు ఒక క్రమమును నిర్ణయించిరి: గర్భిణిని 16, 24, 28వ వారములలోను, పిమ్మట 36వ వారమువరకు పక్షమునకొకమారును, ఆపైన వారమునకొకమారును పరీక్షింపవలయునని. ప్రపంచమున అనేక దేశములలో నేటికిని గర్భిణుల చీట్లపై కనబడు తేదీల వరుసకు ఇదియే మూలము.

మన దక్షిణదేశమును ఈ విషయమున వెనుకబడి యుండలేదు. చెన్నపట్నమున 1844లోనే ప్రసూతి ఆసుపత్రి వెలసెను. అదియే తరువాత ఎగ్మూరు ఆసుపత్రి యని ప్రసిద్ధికెక్కెను. ఆ యాసుపత్రికి అధిపతియైన మొదటి భారతీయుడు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు. వారు 1887లో మన కర్నూలులో జన్మించినవారు, కవలలలో ఒకరు, రెండవవారు సర్ రామస్వామి మొదలియారుగారు. లక్ష్మణస్వామిగారి ప్రసూతివైద్య గ్రంథము 1938లో వెలువడి, తరతరముల వైద్యవిద్యార్థులకు పాఠ్యమయ్యెను. నేను ముందు చెప్పిన భోర్ సంఘమునందును వారు సభ్యులే.

ఆ కాలముననే బొంబాయిలో మరియొక గొప్ప సంగతి జరిగెను. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు మన దేశమునకు వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులను పట్టి పీడించుచున్న రక్తహీనతను పరిశీలించెను. ఆమె కొంతకాలము నీలగిరులలోని కూనూరునందును పరిశోధించెను. ఆ రక్తహీనత అంటువ్యాధి కాదనియు, తిండిలోని లోపమే దానికి కారణమనియు ఆమెకు తోచెను. రొట్టెను పులియబెట్టు ఈస్టు సారము నిచ్చి చూడగా ఆ స్త్రీలు కోలుకొనిరి. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. ఆ సారములో నున్న పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1941లో దానిని పాలకూరనుండి వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిను పదముతో దానికి ఆ పేరు పెట్టిరి. అంతకుముందు వెన్నెముక సరిగా మూయని బిడ్డను కన్న తల్లులు గర్భము ధరించుటకు ముందునుండియే ఈ మందు పుచ్చుకొన్నచో, మరల అట్టి బిడ్డ కలుగుట నాలుగింట మూడువంతులవరకు తగ్గునని 1991లో నిరూపితమయ్యెను. ఆశా కార్యకర్త మీ యింటికి తెచ్చి యిచ్చు ఐరను, ఫోలిక్ మాత్రలు దొరతనమువారి లాంఛనము కావు. బొంబాయి మిల్లు కూలీల కష్టమునుండి పుట్టిన మాత్ర లవి. వానిని తలగడ క్రింద దాచి పారవైచు కోడండ్రను, "అవి వేడిచేయును, మానుము" అని చెప్పు అత్తగార్లను నేనెరుగుదును. 2019-21 సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇది మానవలసిన మాత్ర కాదు.

ఇక స్కానింగు కథకు వత్తము. 1895లో రోంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనినప్పుడు, కడుపులోని బిడ్డను చూడవచ్చునని వైద్యులు సంతోషించిరి. కొన్ని దశాబ్దములు గర్భిణులకు ఎక్స్‌రేలు తీసిరి. 1950ల నడుమ ఆక్స్‌ఫర్డునందలి డాక్టరు ఎలిస్ స్టూవర్ట్, కాన్సరుతో చనిపోయిన పసివారి తల్లులను ఒక్కొక్కరినే విచారింపించెను. కడుపులోనున్నప్పుడు ఎక్స్‌రే సోకిన పిల్లలకు ఆ వ్యాధివచ్చు అపాయము సుమారు రెండింతలని ఆమె 1956లోను, 1958లోను ప్రకటించెను. ఆ మాటను చాలమంది వైద్యులు నమ్మనొల్లలేదు; క్రమముగా నమ్మక తప్పలేదు. అందుచేత బిడ్డకు హానిచేయని మరియొక కన్ను కావలసివచ్చెను. ఆ కన్ను ధ్వనిలో దొరకెను.

సంతలో కుండ కొనునప్పుడు మన ఆడవారేమి చేయుదురు? వ్రేలి కణుపుతో కొట్టి చూతురు. ఖంగుమన్నచో గట్టికుండ, బొంగురుగా పలికినచో బీట యున్నదని లెక్క. లోపలి దోషమును ధ్వని చెప్పును. నూతిలోనికి వంగి కేకవేసినచో ప్రతిధ్వని వచ్చును. ఎంత ఆలస్యముగా వచ్చిన నీరంత లోతున ఉన్నట్లు. ఈ రెండే స్కానింగునకు మూలసూత్రములు. మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపించు ధ్వనులనే వినగలదు. స్కానింగు యంత్రము పంపు ధ్వని లక్షలు దాటి, సెకనుకు కొన్ని మిలియనుల మారులు కంపించును. అది మెత్తని దేహములో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగముతో పోయి, ఎముక, నీరు, మాంసము కలియుచోట్ల తగిలి వెనుకకు మరలును. మరలివచ్చిన కాలమును బట్టి యంత్రము బొమ్మ గీయును. నడుమ గాలి యున్నచో ధ్వని లోనికి పోదు గనుకనే పొట్టపై చల్లని జిగురు పూయుదురు. దానిలో మందేమియు లేదు.

ఈ ధ్వనిని పుట్టించు విద్యకు పునాది 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు వేసిరి. 1912లో టైటానిక్ ఓడ మంచుకొండకు తగిలి మునిగెను; 1914లో యుద్ధము వచ్చెను; నీటిక్రింద దాగిన జలాంతర్గాములను కనిపెట్టవలసివచ్చెను. 1917 ప్రాంతమున లాంజెవాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ధ్వనిని సముద్రములోనికి పంపి వెదకు సాధనమును సిద్ధపరచెను. రెండవ యుద్ధకాలమున ఇదే విద్యతో కర్మాగారములలో ఇనుపపలకల పగుళ్ళను కనిపెట్ట నారంభించిరి. అనగా ఈ సాధనము పుట్టినది చంపుటకు వచ్చు ఓడను పట్టుటకు; పెరిగినది బాయిలరులోని బీటను పట్టుటకు. తల్లిబిడ్డలు అప్పటికి ఎవరి మనస్సునందును లేరు.

వారిని మనస్సున పెట్టుకొన్నవాడు ఇయాన్ డొనాల్డ్. ఆయన యుద్ధకాలమున వైమానికదళములో పనిచేసి, రాడారు, సోనారు యంత్రముల సంగతి ఎరిగినవాడు. 1954లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున ప్రసూతివైద్య ఆచార్యుడయ్యెను. హంటర్ తన పటములను అప్పగించిన విశ్వవిద్యాలయమే యది. ఆయనవద్ద చికిత్స పొందిన ఒకామె భర్త, సమీపమున రెన్‌ఫ్రూ అను ఊరనున్న బాబ్‌కాక్ విల్కాక్స్ బాయిలరు కర్మాగారమునకు డైరెక్టరులలో ఒకడు. ఆ పరిచయము పట్టుకొని 1955 జూలై 21వ తేదీన డొనాల్డు, శస్త్రచికిత్సలో తీసిన కణితులను, నీటితిత్తులను రెండు మోటారుకారులలో వేసికొని ఆ కర్మాగారమునకు పోయెను. పోల్చిచూచుటకు కర్మాగారమువారు ఒక పెద్ద మాంసపుముక్కను సిద్ధముగా నుంచిరి. ఇనుపపలకను పరీక్షించు యంత్రమును ఆ తిత్తులపై పెట్టి చూడగా, నీరున్న తిత్తి యొకవిధముగాను, గట్టి కణితి మరియొకవిధముగాను ప్రతిధ్వని నిచ్చెను. కుండను కొట్టి చూచు మన యాడువారి విద్య మనుష్యదేహమునకును పనికివచ్చునని తేలెను.

అప్పుడు టామ్ బ్రౌన్ అను ఇంజనీరు ఆయనకు తోడయ్యెను. వయస్సు ఇరువది దాటి కొద్దియేండ్లే. కెల్విన్ హ్యూస్ అను యంత్రముల సంస్థలో ఉద్యోగి. ఒక ఆసుపత్రి శస్త్రచికిత్సశాలలో దీపము బిగించుచుండగా, ఎవరో ఆచార్యుడు లోహపరీక్షా యంత్రమును రోగులపై ప్రయోగించుచున్నాడన్న మాట అతని చెవినిపడెనని చెప్పుదురు. అతడు వెంటనే డొనాల్డుకు టెలిఫోను చేసెను. మెక్‌వికార్ అను యువవైద్యుడు మూడవవాడు. తోటివైద్యులు కొందరు వీరిని చూచి నవ్విరి. ఇట్లుండగా కడుపు ఉబ్బి కృశించిపోయిన ఒక స్త్రీ ఆసుపత్రికి వచ్చెను. ఆమెకు జీర్ణకోశపు కాన్సరనియు, ఇక చికిత్స లేదనియు నిర్ణయించియుండిరి. ఈ ముగ్గురును ధ్వనితో పరీక్షింపగా లోపల నున్నది నీటితిత్తివలె కనబడెను. శస్త్రము చేసి చూడగా అది అండాశయపు తిత్తియే. దానిని తీసివేసిరి, ఆమె బ్రదికెను. అటుపిమ్మట నవ్విన నోళ్ళు మూతపడెను. 1958 జూన్ 7వ తేదీన లాన్సెట్ అను వైద్యపత్రికలో ముగ్గురి పేర్లతో వ్యాసము వెలువడెను. ప్రాణముతోనున్న తల్లి కడుపులోని బిడ్డ తల ఆ వ్యాసమున బొమ్మకట్టి కనబడెను. హంటర్ గ్రంథము వెలువడిన 184 సంవత్సరములకు, తల్లి చావనక్కరలేకయే బిడ్డను చూడగలిగిరి.

తరువాతి పురోగతిని క్లుప్తముగా చెప్పెదను. 1960ల ఆరంభమున మూత్రాశయము నిండియున్నప్పుడు తొలినెలల గర్భమును సైతము చూడవచ్చునని డొనాల్డు కనుగొనెను. నీరు త్రాగి రమ్మని నేటికిని చెప్పుట అందుచేతనే. 1968లో స్టూవర్ట్ కాంప్‌బెల్ బిడ్డ తల వెడల్పును సరిగా కొలుచు పద్ధతిని, 1973లో హ్యూ రాబిన్‌సన్ తలనుండి పిఱుదువరకు గల పొడవును బట్టి నెలలు లెక్కించు పద్ధతిని ఇచ్చిరి. కదలుచున్న బొమ్మను చూపు యంత్రములు 1965నుండియే రాసాగెను. వీనివలన గర్భము గర్భాశయములోనే యున్నదా, నాళములో చిక్కినదా. ఒక బిడ్డయా, కవలలా. మాయ ఎక్కడ నున్నది. ఉమ్మనీరు చాలినంత యున్నదా. గుండె, వెన్నెముక సరిగా ఏర్పడెనా అన్న సంగతులు తెలియుచున్నవి.

అయితే ఒక మాట. యంత్రము గొప్పదని మిగిలిన పరీక్షలను మరువరాదు. 1993లో అమెరికాలో 15,000 మందికి పైబడిన గర్భిణులపై జరిగిన పరిశోధనలో, అపాయసూచన లేని గర్భిణులకు అందరికిని స్కానింగులు చేసినంతమాత్రమున, అవసరమైనవారికే చేయుటకంటె బిడ్డల క్షేమము హెచ్చలేదని తేలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో 24వ వారమునకు ముందు ఒక స్కానింగును, కాన్పులోపల ఎనిమిది మారులు పరీక్షను చెప్పినది. స్కానింగు రక్తహీనతను చూపదు. తల్లి రక్తపోటును కొలువదు. చక్కెరను, రక్తపు గ్రూపును తెలుపదు. "మూడు స్కానింగులు తీయించితిమి, అంతయు బాగున్నది" అని సంతోషించి, రక్తపోటు చూపించుకొనని యిల్లు ప్రమాదములోనే యున్నది.

ఇంతవరకు చెప్పినదంతయు మనుష్యుని తెలివికి కీర్తి. ఇకమీద చెప్పవలసినది మనకు సిగ్గు. అయినను చెప్పక తప్పదు.

ఈ యంత్రమును కనుగొన్నవారు దానిని అడిగిన ప్రశ్న ఒకటే: తల్లికిని బిడ్డకును అపాయమున్నదా? మన దేశమునకు వచ్చుసరికి పెక్కుచోట్ల ఆ ప్రశ్న మారిపోయెను: ఆడా, మగా? 1970లలో ఉమ్మనీటిని తీసి చూచు పరీక్ష పుట్టుకలోపములను కనుగొనుటకు మన దేశమునకు వచ్చెను. వెంటనే ఆడపిల్లను ఏరివేయుటకు వాడబడెను. 1980లలో స్కానింగు యంత్రములు పట్టణములనుండి చిన్న ఊళ్ళకు ప్రాకెను. జనాభా లెక్కలు సాక్ష్యము చెప్పుచున్నవి. ఆరేండ్లలోపు మగపిల్లలు 1,000 మందికి ఆడపిల్లలు 1981లో 962, 1991లో 945, 2001లో 927, 2011లో 918. ఇది పంజాబు, హర్యానాల సంగతి యని మనము చేతులు దులుపుకొనలేము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1991లో 975గా నున్నది, 2001లో 961కి, 2011లో 939కి దిగెను. ఏ కరవును, ఏ మహమ్మారియు ఆడపిల్లలను మాత్రమే ఏరి తీసికొనిపోదు. ఈ లోటు ఇండ్లలో, పెద్దల యెదుట, కొన్నిచోట్ల పెద్దల మాటపై జరిగినది.

కొడుకు కావలెనన్న కోరిక క్రొత్తది కాదు. పుంసవనమను సంస్కారమే మగబిడ్డను కోరి చేయునది. కాని ఆ దినములలో పెక్కు ఇండ్లలో కోరిక కోరికగానే యుండెను. పుట్టినది ఆడపిల్లయైనచో లక్ష్మి వచ్చెనని ఆ ఇండ్లలో ఎత్తుకొనుచుండిరి. యంత్రము వచ్చి ఆ కోరిక చేతికి కత్తి నిచ్చినది. కోడలు ఆడపిల్లలనే కనుచున్నదని నిందించు ఇండ్లు నేటికిని గలవు. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అను శాస్త్రవేత్త పిండిపురుగులపై పరిశోధించి, సంతానము ఆడయా మగయా అనునది తండ్రి బీజమువలన నిర్ణయమగునని కనుగొనెను. మనుష్యులయందును అంతే. నింద మోపవలసివచ్చినచో కొడుకు మీదనే మోపవలయును, మోపకుండుటయే మర్యాద.

ప్రభుత్వమువారు 1994లో చట్టము చేసిరి. 1996 జనవరి 1నుండి అది అమలులోనికి వచ్చెను. 2003లో దానిని మరింత బిగించిరి. కడుపులోని బిడ్డ ఆడయో మగయో మాటచే గాని, సైగచే గాని తెలుపరాదు. తెలిపిన వైద్యునికి మూడేండ్లవరకు జైలు. అడిగిన భర్తకును, బంధువులకును మొదటి తప్పునకు మూడేండ్లవరకు జైలు, 50,000 రూపాయలవరకు జరిమానా. ఈ చట్టములో ఒక ప్రకరణమును పెద్దలు ప్రత్యేకముగా గమనింపవలయును. ఇట్టి పరీక్ష జరిగినచో, గర్భిణిని భర్తయో బంధువులో బలవంతపెట్టి యుందురని న్యాయస్థానము మొదటనే భావించును. కాదని రుజువు చేసికొనవలసిన భారము వారిదే. ఆమె తనంతట తాను పోలేదని చట్టము చేసినవారికి తెలియును. మనకును తెలియును. "ఈమారు ఏమగునో చూపించుకొని రమ్ము" అను మాట వంటయింటిలోనో, అరుగుమీదనో పుట్టును. ఆ మాటను పుట్టనిచ్చుటయు, అణచుటయు ఇంటి పెద్దల చేతిలో నున్నది. ఏ చట్టమునకంటెను అరుగుమీది పెద్ద మాట గ్రామములలో ముందుగా నడచును.

కావున కార్యరూపమున రెండు మాటలు చెప్పి ముగించెదను. ఇంట కోడలు గాని, కూతురు గాని నెల తప్పినదని తెలియగానే, మూడు నెలలలోపల ఆశా కార్యకర్తకు చెప్పి పేరు వ్రాయింపుడు, చీటీ తీసికొనుడు. నాలుగవ నెలనుండి ప్రభుత్వ వైద్యాలయములలో ప్రతి నెల 9వ తేదీన వైద్యులచే ఉచితముగా పరీక్ష చేయించు ఏర్పాటు 2016నుండి జరుగుచున్నది. రక్తము, మూత్రము, రక్తపోటు, బరువు, ఇవి పరీక్షింపబడెనా యని చీటీ చూచి అడుగుడు. తలనొప్పి, కన్నులు మసకబారుట, ముఖము ఉబ్బుట, రక్తము కనబడుట, బిడ్డ కదలిక తగ్గుట, వీనిలో ఏది కలిగినను తెల్లవారువరకు ఆగక బండి కట్టింపుడు. మంచిదినము చూచుకొని పోవలసిన ప్రయాణము కాదది.

ఆమె స్కానింగు చేయించుకొని యింటికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదియు ఆమె ముఖము చూచుచుందురు. అప్పుడు మీరడుగు మొదటి మాట, "అమ్మా, నీవు బాగున్నావా? బిడ్డ క్షేమమా?" అన్నదే కావలయును. ఆ యంత్రమును కనుగొన్నవారు అడిగినది అంతే. అంతకు మించి ఆ పరీక్షను అడుగవలసిన ప్రశ్న లేదు. మీ యిండ్లలోని తల్లులును, కడుపులోని బిడ్డలును, ఆడయైనను మగయైనను, చల్లగా నుందురుగాక. సెలవు.